నల్లగొండ–మిర్యాలగూడ దారికి కరెంటు బండి: కొనే ముందు వేసుకున్న లెక్కలు

నల్లగొండలో ఇల్లు, మిర్యాలగూడలో ఉద్యోగం ఉన్నవారికి నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి రెండు పూటలా తప్పని దారి. తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి మీదుగా ఒక వైపు సుమారు 40 కిలోమీటర్లు. అంటే రోజుకు 80, నెలకు 25 పనిదినాలు అనుకుంటే 2,000 కిలోమీటర్లు. మిర్యాలగూడలోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే నేను ఈ దూరాన్ని ఇన్నేళ్లూ పెట్రోలు బండి మీదనే తిరిగాను. ఆ బండికి కాలం చెల్లింది కనుక దాని స్థానంలో కరెంటు బండి తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. అయితే కూరగాయలకూ పిల్లల బడికీ ఊళ్లో తిరిగే బండిని ఎంచుకోవడం వేరు, ఇంత దూరం రోజూ పోయి వచ్చే బండిని ఎంచుకోవడం వేరు. మొదటిదానికి షోరూంలో చెప్పే మాటలు చాలు. రెండోదానికి మాత్రం మన దారిని, మన వేగాన్ని, మన ఎండను, మన గాలిని లెక్కలోకి తీసుకుని కాగితం, పెన్ను పట్టుకుని మనమే కూర్చోవాలి. అలా కూర్చుని తేల్చుకున్న విషయాలను, ఇదే అవసరం ఉన్న మరికొందరికి ఉపయోగపడవచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

ఎవరైనా షోరూంలో అడిగే మొదటి ప్రశ్న, ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుంది అన్నది. కంపెనీలు ప్రకటించే అంకె చాలావరకు ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్షలో వచ్చినది. ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని నిలిపి, ముందే నిర్ణయించిన క్రమంలో వేగాన్ని పెంచుతూ, తగ్గిస్తూ, ఆపుతూ చేసే పరీక్ష అది. రకరకాల బండ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి అది పనికివస్తుంది. కానీ అందులో ఎదురుగాలి లేదు, పక్కనుంచి దూసుకుపోయే లారీ లేదు, వెనుక సీటుపై మనిషి లేడు. నల్లగొండలో నేను వెళ్లిన ఒక షోరూంలో యువకుడు దాచుకోకుండానే చెప్పాడు: "కంపెనీ 150 అని రాస్తది సార్, మీకు 100 అయితే పక్కా వస్తది." అతని మాటలో నిజాయితీ ఉంది. అయినా ఆ 100 ఏ వేగంలో వస్తుంది, బండి కొన్న ఎన్నో ఏట వస్తుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేనంతవరకు ఆ అంకె మీద ఆధారపడి లక్షన్నర రూపాయలు పెట్టకూడదని నా అభిప్రాయం.

అందుకే నేను కిలోమీటర్లను పక్కన పెట్టి యూనిట్లతో మొదలుపెట్టాను. బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పే కిలోవాట్ అవర్, మన ఇంటి కరెంటు మీటరులో తిరిగే యూనిట్ ఒకటే. ఏథర్ రిజ్తాలో 2.9, 3.7 యూనిట్ల బ్యాటరీలు, బజాజ్ చేతక్ 3501లో 3.5, టీవీఎస్ ఐక్యూబ్‌లో 2.2 నుంచి 5.1 యూనిట్ల దాకా నేను చూసిన నాటికి ఉండేవి. ఇది ట్యాంకులో పట్టే పెట్రోలు లాంటి అంకె, దీనిలో వాదనకు తావు లేదు. ఇక తేలవలసింది, మన దారిలో ఒక కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందన్నదే.

అది ప్రధానంగా వేగాన్ని బట్టి ఉంటుంది. గాలి వెనక్కి నెట్టే బలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుందని తరగతి గదిలో ఏటా చెప్పే సూత్రం, ఇక్కడ నెల ఖర్చుగా మారి కనిపిస్తుంది. బండి, మనిషి కలిసి 220, 230 కిలోల బరువు, టైర్ల ఒరిపిడి, మోటారులో పోయే నష్టం అన్నీ కలుపుకుని నేను వేసిన లెక్క ప్రకారం, గంటకు 50 కిలోమీటర్ల నిలకడ వేగంలో 100 కిలోమీటర్లకు సుమారు 3 యూనిట్లు, 60లో సుమారు 4, 70లో సుమారు 5 యూనిట్లు ఖర్చవుతాయి. రివోల్ట్ ఆర్‌వీ 400 తయారీదారు ఒకే బండికి, 3.24 యూనిట్ల ఒకే బ్యాటరీకి, ఎకో మోడ్‌లో 150, నార్మల్‌లో 100, స్పోర్ట్‌లో 80 కిలోమీటర్లు అని మూడు అంకెలు ప్రకటించడంలోని అర్థం కూడా ఇదే. మా దారి నాలుగు వరుసల రహదారి కావడంతో చెయ్యి తెలియకుండానే యాక్సిలరేటర్‌ను తిప్పుతుంది. కానీ 40 కిలోమీటర్లను 60 వేగంతో వెళితే 40 నిమిషాలు, 50 వేగంతో వెళితే 48 నిమిషాలు పడుతుంది. ఆ 8 నిమిషాలు ముందుగా ఇంటి నుంచి బయలుదేరగలిగితే రోజుకు 3.2 యూనిట్ల ఖర్చు 2.4 యూనిట్లకు దిగుతుంది. చిన్న బ్యాటరీ సరిపోతుందా, పెద్దది కావాలా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత గాలి. దక్షిణ తెలంగాణలో ఉన్నవారికి జూన్, జూలై నెలల పడమటి గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. నల్లగొండకు మిర్యాలగూడ ఆగ్నేయంగా ఉంటుంది. కాబట్టి పొద్దున వెళ్లేటప్పుడు ఆ గాలి వెనుక నుంచీ పక్క నుంచీ తోడు వస్తుంది, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ముఖానికి కొడుతుంది. పొద్దున కలిసివచ్చింది సాయంత్రం పోతే లెక్క సరిపోతుంది కదా అని అనిపిస్తుంది గానీ, సరిపోదు. గాలి 20 కిలోమీటర్ల వేగంతో వీస్తుండగా మనం 50తో పోతున్నామనుకుంటే, వెళ్లేటప్పుడు గాలిని చీల్చే వేగం 30, వచ్చేటప్పుడు 70. ముప్పై వర్గం 900, డెబ్బై వర్గం 4,900. రెండింటి సగటు 2,900. గాలి లేని రోజున అది యాభై వర్గం, అంటే 2,500 మాత్రమే. పొద్దున మిగిలే దానికంటే సాయంత్రం పోయేది ఎప్పుడూ ఎక్కువే. దీనికి తోడు మిర్యాలగూడ కృష్ణా నది వైపు పల్లంలో ఉంది కనుక, కంటికి కనిపించకపోయినా, ఇంటికి వచ్చే దారి మొత్తం మీద కొంత ఎత్తుకు ఎక్కే దారే. నా లెక్కలో ఆషాఢ మాసపు సాయంత్రం ఒక్క తిరుగు ప్రయాణానికే 2 యూనిట్లు కావాలి. రోజు మొత్తానికి 2.8 యూనిట్లు.

ఈ లెక్క సరైనదా కాదా అని తెలుసుకోవడానికి, ఇదే దారిలో రెండేళ్లుగా కరెంటు స్కూటర్ మీద తిరుగుతున్న ఒక బ్యాంకు ఉద్యోగిని కలిశాను. ఆయన చెప్పిన మాట నాకు ఎన్నో బ్రోచర్ల కంటే విలువైనదిగా తోచింది: "పోయేటప్పుడు ఏం భయం లేదు సార్. వచ్చేటప్పుడే, తిప్పర్తి దగ్గరికి వచ్చినంక కన్ను మీటరు మీదికి పోతది." కొనదలచినవారు ఎవరైనా సరే, నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌ను నమ్ముకోకుండా, తమ దారిలోనే ఆ బండిని కనీసం ఏడాది దాటి నడిపిన మనిషిని వెతికి పట్టుకుని అడగాలి. కొత్త బండి యజమాని సంతోషంలో ఉంటాడు. పాత బండి యజమాని దగ్గరే సమాచారం ఉంటుంది.

పాత బండి అన్న మాటలోనే అసలు విషయం ఉంది. కరెంటు బండిని కొన్ననాటి బ్యాటరీని చూసి ఎంచుకోకూడదు, నాలుగో ఏటి బ్యాటరీని ఊహించుకుని ఎంచుకోవాలి. పెట్రోలు బండి ట్యాంకు ఎన్నేళ్లయినా అంతే ఉంటుంది, లిథియం బ్యాటరీ మాత్రం చార్జింగ్ అవుతూ ఖాళీ అవుతూ కొంచెం కొంచెంగా కుంచించుకుపోతుంది. ఎక్కువ స్కూటర్లలో వాడే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం సెల్స్ సుమారు 800 నుంచి 1,000 పూర్తి చార్జింగ్‌ల తర్వాత 80 శాతం సామర్థ్యానికి దిగుతాయని సాధారణంగా లెక్కిస్తారు. నాలాగా రోజుకు రెండున్నర యూనిట్లు, ఏడాదికి 300 రోజులు వాడేవారికి 3.7 యూనిట్ల బ్యాటరీ అయితే ఏడాదికి దాదాపు 200 పూర్తి చార్జింగ్‌లు అవుతాయి. అంటే నాలుగైదేళ్లలో అది 80 శాతానికి, సుమారు 3 యూనిట్లకు చేరుతుంది. అందులోనూ చివరి 15 శాతాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే చాలా బండ్లు చార్జింగ్ బాగా తగ్గినప్పుడు వేగాన్ని వాటంతట అవే కుదించుకుంటాయి; లారీల మధ్య చీకట్లో 30 వేగంతో పోవడం ప్రమాదం. ఆ మినహాయింపు పోగా మిగిలేది రెండున్నర యూనిట్లు. గాలి రోజున కావలసింది 2.8. కొన్న కొత్తలో ఏ చింతా లేకుండా ఇల్లు చేర్చిన బండే నాలుగో ఏడు జూలైలో తిప్పర్తి దాటాక వేగం కుదించుకుని మనల్ని ఇబ్బంది పెడుతుంది. అదే 5.1 యూనిట్ల బ్యాటరీ అయితే 80 శాతానికి దిగినా 4 యూనిట్ల పైన ఉంటుంది, 15 శాతం వదిలేసినా దాదాపు మూడున్నర మిగులుతుంది. పైగా అదే పనికి ఏడాదికి 150 పూర్తి చార్జింగ్‌లే అవుతాయి కాబట్టి అది అరిగే వేగం కూడా తక్కువ.

వారంటీ కాగితాన్ని కూడా దూరప్రయాణికులు వేరే కళ్లతో చదవాలి. మూడేళ్ల వారంటీ, ఎనిమిదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, పక్కనే "లేదా" అని 30 వేలో 50 వేలో 80 వేలో కిలోమీటర్లు ఉంటాయి. ఏది ముందు పూర్తయితే అది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి 30 వేలు పదిహేను నెలల్లో, 50 వేలు రెండేళ్లు దాటగానే అయిపోతాయి. ఎనిమిదేళ్లు లేదా 80 వేలు అన్న పొడిగింపు కూడా మూడేళ్ల నాలుగు నెలలే. ఊళ్లో తిరిగేవారికి ఏళ్లు ముఖ్యం, మనకు ఆ ఏళ్ల అంకెతో పని లేదు, కిలోమీటర్ల అంకెను మాత్రమే చూడాలి. బ్యాటరీ పూర్తిగా చెడిపోతేనే మారుస్తారా, సామర్థ్యం ఒక స్థాయికి తగ్గినా మారుస్తారా అన్నది మరొక ప్రశ్న. ఏథర్ వారి ఎయిట్ 70 పథకంలో 70 శాతం ఆరోగ్యానికి హామీ ఉంది. ఇటువంటి వాక్యం మీరు కొనే బండి వారంటీ కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని షోరూంలో అడగండి. నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు.

ఎండ సంగతి మన జిల్లావారు మరింత శ్రద్ధగా ఆలోచించాలి. నల్లగొండలో, మిర్యాలగూడలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. లిథియం సెల్స్‌లో వేడి పెరిగేకొద్దీ లోపలి రసాయన చర్యలు వేగమై ఆయుష్షు తగ్గుతుంది. నిండుగా చార్జింగ్ ఉన్న స్థితిలో వేడిలో నిలబడి ఉండడం వాటికి మరీ హానికరం. అందుకని వేసవిలో మధ్యాహ్నమంతా నీడ లేని చోట బండిని ఉంచవలసి వస్తుందా అన్నది కొనడానికి ముందే ఆలోచించవలసిన విషయం. మా కళాశాలలో సైకిళ్ల షెడ్డు ఉంది, దాని వెనుక పెద్ద వేపచెట్టు ఉంది. ఆ రెంటినీ చూసుకున్న తర్వాతే నేను ముందుకు కదిలాను. ఇంటికి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా ఒక గంట చల్లారనిచ్చి, తెల్లవారుజామున నిండేలా చార్జింగ్ పెట్టుకోవడం మంచిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ఉన్న బండి దొరికితే దాన్ని తప్పక పరిశీలించాలి. అదే సామర్థ్యానికి కొంత బరువు ఎక్కువైనా అది వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ చార్జింగ్‌లకు నిలుస్తుంది. 2022లో దేశంలో పలుచోట్ల కరెంటు బండ్లకు మంటలు అంటుకున్న తర్వాత బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలులోకి తెచ్చారు. సెకండ్ హ్యాండ్ బండి కొనదలచినవారు తయారీ తేదీ దీనికి ముందుదా, తర్వాతిదా అని చూడడం మరవకూడదు. ముందుదైతే ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేని తక్కువ వేగపు బండ్ల గురించి కొందరు అడుగుతుంటారు. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని వాటికే ఆ మినహాయింపు. ఈ రహదారి మీద వాటికి చోటు లేదు.

మోటారు సైకిలా, స్కూటరా అన్నది నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. మోటారు సైకిల్ ఆకారంలో ఉన్న కరెంటు బండ్లకు 17 అంగుళాల చక్రాలు ఉంటాయి. గుంతలో పడినప్పుడు, పెద్ద లారీ పక్కనుంచి పోతూ గాలి కుదిపినప్పుడు ఆ నిలకడ తెలుస్తుంది. స్కూటర్లకు ఎక్కువగా 12 అంగుళాల చక్రాలే. నా నడుముకు, నా అలవాటుకు మోటారు సైకిలే నచ్చింది. అయితే మన జిల్లా కేంద్రాల్లో సర్వీసు దొరికే కంపెనీలు ఎక్కువగా స్కూటర్లే అమ్ముతున్నాయి, 5 యూనిట్ల దరిదాపుల్లో బ్యాటరీ కావాలంటే స్కూటర్లలోనే ఎంపిక ఎక్కువ ఉంది. ఏదైనా సరే, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, దూరం దాకా పడే హెడ్‌లైటు ఉండాలన్నది నేను వదులుకోని షరతు. దీనికి కారణం మా దారిలో తిరిగేవారికి తెలుసు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వానాకాలం కోతలైనా, యాసంగి కోతలైనా మొదలైతే వేములపల్లి చుట్టుపక్కల రోడ్డు మీద ఒక వరుస నిండా వడ్లు ఆరబోస్తారు. వాహనాలు ఎక్కకుండా వాటి చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రి వేళ ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. మరోవైపు మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి పోతుంటాయి. రైతుకు కల్లం చాలని చోట రోడ్డు కల్లమవుతోంది, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ శబ్దం లేకుండా వచ్చే బండి అక్కడ పనిచేసే కూలీలకు వినపడదు కనుక, మనమే నెమ్మదించి హారన్ కొట్టుకుంటూ దాటాలి.

డబ్బు లెక్క చాలామంది అనుకున్నంత సూటిగా లేదు. పెట్రోలు బండి లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తుందనుకుని, లీటరు 108 రూపాయలుగా తీసుకుంటే రోజుకు దాదాపు 157 రూపాయలు, నెలకు 3,900 పైచిలుకు. కరెంటు బండికి చార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుని రోజుకు మూడు యూనిట్ల పైన, నెలకు 80 యూనిట్లు అనుకుందాం. యూనిట్‌కు నాలుగైదు రూపాయలు కదా, నెలకు 350 చాలు అని చెప్పేవారు ఉన్నారు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు స్లాబులు వారు గమనించలేదు. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, మిగతా 50 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున వినియోగ చార్జీ 580 రూపాయలు అవుతుంది. దానికి 80 కలిసి 230 అయిన వెంటనే, 200 దాటిన ఇళ్ల లెక్క వర్తించి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున, మిగతా 30 యూనిట్లు 7 రూపాయల 70 పైసల చొప్పున 1,251 రూపాయలు పడుతుంది. తేడా 671 రూపాయలు; అంటే బండికి వాడిన యూనిట్ ఒక్కొక్కటి 8 రూపాయల పైన పడినట్లు. అప్పటికీ పెట్రోలుతో పోలిస్తే నెలకు 3,200 రూపాయలు మిగులుతాయి కనుక నా నిర్ణయం మారలేదు. అయితే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వస్తున్న కుటుంబాలు మాత్రం బాగా ఆలోచించుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. ఎండాకాలంలో కూలరు తిరిగే నెలల్లో ఈ 80 యూనిట్లు కలిస్తే ఏమవుతుందో పాత బిల్లులు ముందేసుకుని చూసుకోవడం అవసరం.

ప్రభుత్వ రాయితీల విషయానికి వస్తే, తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు కరెంటు వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఇది నిజంగా వేలల్లో మిగిలే లాభం. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మొదట బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కు 5,000 చొప్పున గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇచ్చి, తర్వాతి ఆర్థిక సంవత్సరం నుంచి దాన్ని సగం చేశారు. థర్డ్ పార్టీ బీమాలోనూ కరెంటు బండ్లకు 15 శాతం తగ్గింపు ఉంది.

మా బావమరిది మహబూబ్‌నగర్‌లో ఉంటాడు, జడ్చర్లలో పని. పోయి రావడం కలిపి 30 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. రెండు యూనిట్ల పైచిలుకు చిన్న బ్యాటరీ ఉన్న స్కూటర్ తీసుకుని హాయిగా తిరుగుతున్నాడు. నేను ఈ లెక్కలన్నీ చెబుతుంటే, "బావా, నేను రెండు దినాలకొకసారి చార్జింగ్ పెడితే సరిపోతున్నది. నువ్వు గింత పరేషాన్ ఎందుకైతున్నవు?" అన్నాడు. అతని దారికి అతను తీసుకున్నది సరైన బండి. రోజుకు ఒక యూనిట్ కూడా ఖర్చు కాని చోట 5 యూనిట్ల బ్యాటరీని మోసుకు తిరగడం, దానికి అదనంగా డబ్బు కట్టడం రెండూ అనవసరం. దూరం రెండింతలకు మించి పెరిగినప్పుడు ఎంపిక స్వభావమే మారుతుందని అతనికి చెప్పాను.

సర్వీసు గురించి నాకు పట్టింపు ఎక్కువ. నల్లగొండ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. లోపం వచ్చిన బండిని, అందులోనూ బ్యాటరీ లోపం వచ్చిన బండిని, అంత దూరం నడుపుకుంటూ తీసుకుపోలేము. ట్రాలీ ఆటోలో ఎక్కించాలి. అందువల్ల జిల్లా కేంద్రంలో అమ్మకాల దుకాణం మాత్రమే కాక, మోటారు కంట్రోలరు, బ్యాటరీ తనిఖీ చేయగల మనుషులు ఉన్న సర్వీస్ సెంటర్ లేని కంపెనీని, దాని బండి ఎంత బాగున్నా, నేను జాబితా నుంచి తీసేశాను. ఒక షోరూంలో బండి అమ్మే హాలు చక్కగా ఉంది. సర్వీసు ఎక్కడ చేస్తారని అడిగితే హైదరాబాద్‌కు పంపిస్తామన్నారు. నేను నమస్కారం పెట్టి బయటకు వచ్చాను.

చివరికి నా ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి, 3.5 లేదా 3.7 యూనిట్ల బండి తీసుకుని కళాశాలలో పగటిపూట చార్జింగ్ పెట్టుకోవడం. రెండోది, 5 యూనిట్ల బండి తీసుకుని ఇంటి దగ్గర మాత్రమే చార్జింగ్ పెట్టుకోవడం. బ్యాటరీ ఆరోగ్యం దృష్ట్యా మొదటిదానిలో ఒక మేలు ఉంది: పూర్తిగా ఖాళీ చేసి పూర్తిగా నింపడం కంటే సగం దగ్గర తిరిగి నింపుకోవడం సెల్స్‌కు మంచిది. ధరలో తేడా కూడా తక్కువేమీ కాదు. ప్రిన్సిపల్ గారిని అడిగితే అభ్యంతరం లేదన్నారు, నేనే పట్టుబట్టి అనుమతిని కాగితం మీద తీసుకుని, నెలకు ఇంత అని కరెంటు ఖర్చు చెల్లిస్తానని రాసిచ్చాను. సంస్థ కరెంటును ఊరికే వాడుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా రోజూ ఇంటికి చేరడం అన్నది ఇతరుల సాకెట్టు మీద ఆధారపడి ఉండడానికి నా మనసు ఒప్పుకోలేదు. రేపు నాకు వేరే ఊరికి బదిలీ కావచ్చు, షెడ్డు స్థలంలో కొత్త గది కట్టవచ్చు, మధ్యాహ్నమంతా కరెంటు పోవచ్చు. అందుకని టీవీఎస్ ఐక్యూబ్‌లో 5.1 యూనిట్ల రకాన్ని ఎంచుకుని, వారంటీ పొడిగింపును కూడా దానితోపాటే కట్టాను. కళాశాల సాకెట్టును గాలి ఎక్కువగా ఉన్న రోజులకు అదనపు ధైర్యంగా ఉంచుకుంటాను. కళాశాలలో సాకెట్టు ఖాయంగా ఉండి, బదిలీ భయం లేనివారికి 3.5 యూనిట్ల బండి చాలునని, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, రెయిన్ కోటు కొనుక్కోవచ్చునని నిస్సంకోచంగా చెప్పగలను.

బండి ఇంటికి రావడానికి ముందే చేయించిన పని ఒకటి మిగిలింది. మా ఇల్లు పాతది, గోడలోని ప్లగ్గు పాయింట్లకు మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక ఎర్తింగ్ వైరు లేదు. మన ఊళ్లలో పాత ఇళ్లు చాలావరకు ఇలాగే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెరట్లో కొత్తగా ఎర్తింగ్ గుంత తవ్వించి, మీటరు దగ్గర నుంచి వేరే లైను లాగించి, వాన పడని చోట వరండాలో 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్చు) పెట్టించాను. మెట్ల కింద పెట్టించమని ఇంట్లోవాళ్లు అన్నారు, అక్కడ బండి ఎవరికీ అడ్డం రాదని. కానీ రాత్రంతా చార్జింగ్ అయ్యే వస్తువు మనుషులు బయటికి పోయే దారిలో ఉండకూడదు కాబట్టి వరండానే ఖాయం చేశాను.